తప్పులు దిద్దు యంత్రము

తాను వ్రాసినదానిలోని తప్పును తానే కనుగొనుట మిక్కిలి కష్టము. ఇది పెద్దలైన మీకు క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు. తాటాకులపై గ్రంథములు వ్రాసిన లేఖకులును, గ్రామ లెక్కలు వ్రాసిన కరణములును, దస్తావేజులు వ్రాసినవారును ఈ సంగతి నెరిగినవారే. వ్రాసినవాని కన్ను తాను వ్రాయదలచినదానిని చూచును గాని, నిజముగా వ్రాసినదానిని చూడదు. అందుచేతనే ఒకరు వ్రాసినదానిని మఱియొకరు సరిచూచు ఆచారము మనలో చిరకాలముగా నున్నది. ఈ కాలమున ఆ సరిచూచు పనిని యంత్రమునకే అప్పగింప యత్నించిన కొందరిని గూర్చియు, ఆ యత్నము ఎంతవరకు ఫలించినదను విషయమును గూర్చియు ఈ ప్రసంగమున మనవి చేసెదను.

కంప్యూటరు అనునది తనంత తానుగా ఏమియు నెరుగని యంత్రము. ఏది ముందు చేయవలెనో, ఏది వెనుక చేయవలెనో, ఏ సందర్భమున ఏది మానవలెనో మనుష్యుడు ఒక్కొక్క మెట్టుగా వ్రాసి దానికి ఇయ్యవలెను. ఆ వ్రాతకే ప్రోగ్రామని పేరు. మనము వంటవానితో ‘తగినంత ఉప్పు వేయుము’ అనిన చాలును, అతడు గ్రహించును. కంప్యూటరుతో అట్లు చెప్పిన చెల్లదు. తగినంత యనగా ఎంత? ఉప్పు అయిపోయినచో ఏమి చేయవలెను? ఉప్పు డబ్బాలో పంచదార యున్నచో ఏమి చేయవలెను? ఇవన్నియు ముందుగానే ఆలోచించి వ్రాయవలెను. ఒక బ్యాంకు లెక్కలు నడుపు ప్రోగ్రాములో ఇట్టి పంక్తులు లక్షలకొలదిగా నుండును. వానిని ఒక్కరే వ్రాయరు. ఒకడు వ్రాసినదానిపై మఱియొకడు వ్రాయును. మొదటివాడు పని మాని వెడలిపోయిన పిమ్మట మూడవవాడు వచ్చి మార్చును. ఇట్టి వ్రాతలో తప్పులు దొరలకుండుట అసంభవము.

ఆ తప్పుల ఫలమెట్టిదో చూడుడు. 1996వ సంవత్సరము జూను 4వ తేదీన ఐరోపా దేశములవారు ‘ఏరియాన్ 5’ అను క్రొత్త రాకెట్టును మొదటిసారి ఆకాశమునకు పంపిరి. అది లేచిన పిమ్మట ఒక్క నిమిషమైన గడువకముందే దారి తప్పి బ్రద్దలయ్యెను. కారణమేమన, పాత రాకెట్టునకు వ్రాసిన ప్రోగ్రాములోని కొంత భాగమును దీనికిని వాడిరి. పాత రాకెట్టులో చిన్నదిగా నుండెడి ఒక సంఖ్య, వేగము హెచ్చైన క్రొత్త రాకెట్టులో పెద్దదయ్యెను. ఆ సంఖ్యకు కేటాయించిన గడి చాలలేదు. నాలుగంకెలకు గీసిన గడిలో అయిదంకెలు వ్రాయబోయినట్లయినది. ఇంతమాత్రమునకే అనేక సంవత్సరముల శ్రమ బూడిదయ్యెను.

అచ్చట నష్టమైనది లోహమును ధనమును మాత్రమే. బ్రిటను దేశపు పోస్టాఫీసులలో మనుష్యులే నష్టపడిరి. ఆ దేశమున పల్లెలలోను చిన్న పట్టణములలోను పోస్టాఫీసులను సబ్ పోస్టుమాస్టర్లు నడుపుదురు. వారిలో అనేకులు చిన్న అంగడి పెట్టుకొని, దానిలోనే ఒక ప్రక్కన తపాలా పని చూచుకొనువారు. 1999వ సంవత్సరము మొదలుకొని వారి లెక్కలు ‘హొరైజన్’ అను కంప్యూటరు పద్ధతికి మార్చబడెను. దానిని నిర్వహించినది ఫుజిత్సు కంపెనీ. పెట్టెలోని పైకమునకును కంప్యూటరు చూపు పైకమునకును పొందిక లేకపోవుట పలుచోట్ల కనబడెను. ఒడంబడిక ప్రకారము లోటును పోస్టుమాస్టరే భరింపవలెనని పోస్టాఫీసు సంస్థవారు పట్టుపట్టిరి. కొందరు ఉన్నదంతయు ఊడ్చి కట్టిరి. మఱికొందరిపై దొంగతనము, దొంగలెక్కలు అను నేరములు మోపబడెను. 1999కిని 2015కిని నడుమ 900 మందికి పైగా శిక్షలు పడెను. కొందరు చెఱసాలకు పోయిరి. ఊరివారి యెదుట తలయెత్తుకొనలేక కుమిలినవారును, ప్రాణములు తీసికొన్నవారును కలరు.

2019వ సంవత్సరము డిసెంబరు నెలలో లండను హైకోర్టు, ఆ కంప్యూటరు పద్ధతిలో దోషములు కలవనియు, అవి లెక్కలలో లేని లోట్లను చూపగలవనియు తీర్పు చెప్పెను. 2024లో బ్రిటిషు పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసి వందలకొలది శిక్షలను ఒక్కమారుగా రద్దుచేసెను. పోయిన పరువు శాసనముతో తిరిగి వచ్చునా యనునది వేరు ప్రశ్న.

ఆ దోషములలో ఒకటి మనవంటివారికి తేలికగా బోధపడునది. స్కాట్లండులోని డాల్‌మెల్లింగ్టన్ అను చోట 2015లో ఒక పోస్టాఫీసునుండి దాని శాఖకు 8,000 పౌండ్ల పైకము పోయెను. దానిని నమోదు చేయుటకై మీట నొక్కగా తెర కదలలేదు. పనిచేయుచున్నామె మరల నొక్కెను, మరల నొక్కెను. నొక్కిన ప్రతిసారియు కంప్యూటరు ఆ పైకము వచ్చినట్లు క్రొత్తగా వ్రాసికొనెను. వచ్చినది ఒక్క సంచి. వ్రాతలో నాలుగు సంచులు. లెక్క చూడగా 24,000 పౌండ్ల లోటు తేలెను. ఈ ఉదంతమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో మనకు పని యున్నది.

ఇట్టి తప్పులను ముందుగా పట్టుట ఎట్లు? మొదటి ఉపాయము, ఒకరి వ్రాతను మఱియొకరు చదువుట. రెండవది, ప్రోగ్రామును పలు విధముల నడిపి పరీక్షించుట. మూడవది, తప్పులు వెదకుటకు మఱియొక ప్రోగ్రామును వ్రాయుట. ఈ మూడవదియు నిన్న మొన్నటిది కాదు. 1978 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ అను నతడు ‘లింట్’ అను దానిని చేసెను. బట్టకు అంటుకొను నూగునకు ఇంగ్లీషున లింటని పేరు. బట్ట దులిపి నూగు తీసినట్లు ఇది ప్రోగ్రామును దులిపి, అనుమానము గల చోట్లను చూపును. కాని ఏది అనుమానాస్పదమో చెప్పు సూత్రములను మనుష్యులే ఆలోచించి ఒక్కొక్కటిగా వ్రాయవలసియుండెను. తప్పులు పుట్టునంత వేగముగా సూత్రములు పుట్టవుగదా!

ఆ సూత్రములను యంత్రమే తెలిసికొనునట్లు చేయరాదా యని తలచినవారు కొందరు స్విట్జర్లండు దేశపు జ్యూరిక్ నగరమున నుండిరి. అచ్చట ఈ.టి.హెచ్. అను ప్రసిద్ధ సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. ఐన్‌స్టీను విద్యార్థిగా చదివినదియు, పిదప కొంతకాలము ఆచార్యత్వము నెరపినదియు అచ్చటనే. అందు మార్టిన్ వెచెవ్ ఆచార్యుడు. వెసెలిన్ రైచెవ్ ఆయన యొద్ద పరిశోధన చేసినవాడు. 2014లో వీరి బృందము ‘జె.ఎస్.నైస్’ అను ఒక సాధనమును వెలువరించెను. ప్రోగ్రాములలో వాడు పేర్లను ఒక్కొక్క అక్షరముగా కుదించివేసినచో చదువరికి ఏమియు బోధపడదు. అట్టి వ్రాతను దీని కిచ్చినచో, వేలకొలది ఇతర ప్రోగ్రాములను చూచిన అలవాటుచేత, ఈ చోట ఈ పేరుండి యుండునని ఊహించి వ్రాయును. నూటికి 63 పేర్లు సరిగా ఊహించెనని వారు ప్రకటించిరి.

శిథిలమైన తాళపత్రములో అక్షరములు పోయిన చోట, ఛందస్సును అన్వయమును చూచి పండితుడు పాఠమును ఊహించుట మీరెరిగినదే. మన వేమన పద్యములను 1829లో అచ్చు వేయించిన బ్రౌను దొర పలు ప్రతులను సేకరించి పోల్చి చూచెను. పది ప్రతులలో తొమ్మిది ఒకరీతిగా నుండి ఒకటి వేరుగా నున్నచో, ఆ ఒక్కదానిపై అనుమానము కలుగుట సహజము. జ్యూరిక్ పండితుల ఉపాయమును స్థూలముగా ఇట్టిదే యనవచ్చును. పది ప్రతులకు బదులు లెక్కకు మిక్కిలియైన ప్రతులు. పండితునకు బదులు యంత్రము.

2016లో వెచెవ్, రైచెవ్ అను వీరిరువురును, బోరిస్ పాస్కలెవ్ అను నతడును కలిసి ‘డీప్‌కోడ్’ అను సంస్థను స్థాపించిరి. ఇట్టి చిన్న క్రొత్త సంస్థలను నేడు స్టార్టప్ అనియు, మన పత్రికలలో అంకుర సంస్థ యనియు వ్యవహరించుచున్నారు. 2019లో దానికి 40 లక్షల డాలర్ల పెట్టుబడి లభించెను. 2020లో స్నిక్ అను పెద్ద కంపెనీ దానిని కొనెను. ఆ విద్య ‘స్నిక్ కోడ్’ అను పేర వ్యాప్తిలోనికి వచ్చినది. వ్యాపారకథ ఇంతియే. పని జరుగు విధము ఇంతకంటె ముచ్చటైనది.

లోకమున కొందరు తమ ప్రోగ్రాములను దాచుకొనక, ఎవరైనను చూచి వాడుకొనుటకు బహిరంగముగా నుంచుదురు. అట్టివానిని నిలువచేయు చోట్లలో గిట్‌హబ్ అనునది ప్రసిద్ధము. అచ్చట ప్రోగ్రాము మాత్రమే గాక, అందు జరిగిన ప్రతి మార్పును నమోదై యుండును. నేడు ఉన్న పంక్తి నిన్న ఎట్లుండెనో, ఎవరు దిద్దిరో, ఎందుకు దిద్దిరో తెలియును. అనగా లక్షలాది మంది చేసిన తప్పులును, ఆ తప్పుల దిద్దుబాటులును ప్రక్కప్రక్కనే దొరకును. ఒకే విధమైన దిద్దుబాటు వేరువేరు దేశములలో, ఒకరినొకరు ఎరుగని వందలమంది చేసియున్నచో, అందు ఏదో ధర్మము కలదని యంత్రము గ్రహించును. పిమ్మట దిద్దని పాత రూపము మీ ప్రోగ్రాములో కనబడినచో, ‘అయ్యా, ఇట్లు వ్రాసినవారందరు వెనుక మార్చుకొనిరి, మీరును చూచుకొనుడు’ అని హెచ్చరించును.

అది పట్టు తప్పులలో ఒకదానిని ఉదాహరణముగా చెప్పెదను. దస్తావేజు వ్రాయించునపుడు పంక్తుల నడుమ ఖాళీ విడువరాదని మీరు పిల్లలకు బోధింతురు. విడిచినచో పరాయివాడు తనకు కావలసిన షరతును అందు దూర్చును. కంప్యూటరులోను ఇట్టి ప్రమాదము కలదు. మీ పేరు వ్రాయుడని విడిచిన గడిలో పేరునకు బదులు ఒక ఆజ్ఞను వ్రాసినచో, అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాము దానిని పేరుగా గాక ఆజ్ఞగానే గ్రహించి నెరవేర్చును. దొంగలు ఇట్లు ఇతరుల ఖాతాల సమాచారమును లాగికొనుచున్నారు. ఈ యంత్రము, బయటివాడు వ్రాసిన మాట ఏ దారిని లోనికి వచ్చి, ఏయే చోట్ల తిరిగి, ఎక్కడకు చేరుచున్నదో వెంటాడి చూచును. మురుగునీరు ఏ కాలువలో కలిసి మంచినీటి చెఱువునకు చేరుచున్నదో నీరుకట్టువాడు నడచి చూచినట్లు, అది ఆ దారియంతయు చూచి, నడుమ వడపోత లేనిచో చెప్పును. వేల పుటల వ్రాతలో ఈ పని మనుష్యునకు దుస్సాధ్యము. యంత్రమునకు కొద్దిపాటి కాలము చాలును. ఈ మేలును తక్కువగా చూడరాదు.

తప్పును చూపుట యొక మెట్టు. దిద్దుట రెండవ మెట్టు. 2021లో ఈ బృందమునకు చెందినవారే ‘టి-ఫిక్స్’ అను మఱియొక సాధనమును ప్రకటించిరి. జావాస్క్రిప్టు అను భాషలోని 52 రకముల తప్పులకు సంబంధించి, మనుష్యులు చేసిన సుమారు లక్ష దిద్దుబాటులను దానికి నేర్పిరి. పరీక్షింపగా నూటికి సుమారు 67 తప్పులను అది తొలగింపగలిగెను. అనగా మూడింట రెండు వంతులు. బడిపిల్లవాడు తెచ్చుకొన్నచో మంచి మార్కులే. కాని మూడవ వంతు మిగిలియే యున్నదిగదా! ఏ మూడవ వంతు మిగిలినదో తెలియుటకు మరల చదువ నేర్చిన మనుష్యుడే కావలెను.

యంత్రము పదునెక్కిన కొలది ఈ మిగులు పూర్తిగా పోవునా యని మీరు అడుగవచ్చును. దీనికి గణితశాస్త్రమే ఒక సమాధానము చెప్పియున్నది. కంప్యూటర్లు పుట్టకముందే, 1936లో, అలన్ ట్యూరింగ్ అను ఆంగ్లేయుడు ఒక సంగతిని నిరూపించెను. ఏ ప్రోగ్రామును ఇచ్చినను, అది ఎప్పటికైన పని ముగించునా లేక అంతము లేక తిరుగుచునే యుండునా యని తప్పక చెప్పగల ఒకే విధానము ఉండజాలదని దాని భావము. కావున సర్వదోషములను పట్టు యంత్రము ఎంత ధనము పోసినను రాదు. కొన్ని తప్పులను విడుచుటయో, తప్పు కానిదానిని తప్పనుటయో, నిర్ణయింపలేక ఊరకుండుటయో తప్పదు. తప్పు కానిదానిని పదే పదే తప్పనినచో వినువారు విసుగుచెంది, నిజమైన తప్పును చూపిననాడు కూడ పెడచెవిని పెట్టుదురు. ‘నాన్నా, పులి’ అని ఊరక అరచిన పిల్లవాని కథ పెద్దలు మఱచియుండరు.

ఇంతకంటె లోతైన చిక్కు మఱియొకటి కలదు. డాల్‌మెల్లింగ్టన్ ఉదంతమును జ్ఞాపకముంచుకొనుడని మనవి చేసితిని. మీట నొక్కగా నొక్కగా నాలుగుసార్లు వ్రాసికొనుట తప్పని మనకెట్లు తెలిసినది? వచ్చినది ఒకే సంచి యని మనకు తెలియును గనుక తెలిసినది. ప్రోగ్రాము మటుకు చెప్పినది చెప్పినట్లు చేసెను. నొక్కిన ప్రతిసారి వ్రాసికొనుమని యుండెను, వ్రాసికొనెను. ఒక సంచి ఒక్కమారే రాగలదను లోకజ్ఞానము ఆ అక్షరములలో ఎక్కడను లేదు. అక్షరదోషమును యంత్రము పట్టును. లోకములో ఇట్టి దోషము పలుమారు జరిగి, పలువురు దిద్దియున్నచో దానిని గూడ కొంతవరకు పట్టును. కాని ఈ వ్రాత దేనికొరకు వ్రాయబడినది, ఇందు ఎవరికి న్యాయము జరుగవలెను అను అభిప్రాయమును మనుష్యుడు చెప్పిననే గాని అది ఎరుగదు. వ్యాకరణము చక్కగా నున్నంతమాత్రమున వీలునామా న్యాయమైనది కానేరదు.

ఈ మధ్య మఱియొక విశేషము సంభవించినది. యంత్రము దిద్దుటయే గాక వ్రాయుటయు ఆరంభించినది. 2021లో గిట్‌హబ్ వారు ‘కోపైలట్’ అను సాధనమును బయటపెట్టిరి. ఇది కావలెనని సూచించినచో ప్రోగ్రామును అదియే వ్రాసి చూపును. ఆ సంవత్సరమే న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు, ప్రమాదమునకు తావు గల సందర్భములను ఏరి, దానిచేత 1,689 ప్రోగ్రాములు వ్రాయించి చూచిరి. వానిలో నూటికి సుమారు 40 ప్రోగ్రాములు దొంగలకు దారి యిచ్చునట్టివిగా తేలెను. వింత ఏమియు లేదు. అది నేర్చినది మనుష్యుల వ్రాతలనుండి. మనుష్యుల సుగుణములతోపాటు దుర్గుణములును అబ్బినవి. ఇపుడు ఒక యంత్రము వ్రాయును, వేరొక యంత్రము దిద్దును. మన తెలుగు గ్రామములనుండి వెడలి హైదరాబాదులోను, అమెరికాలోను ఈ వృత్తిలో నున్న యువకులు వేలకొలదిగా కలరు. చేతితో వ్రాయుట తగ్గి, వ్రాసినదానిని తూచి నిర్ణయించుట వారి పనిలో నానాటికి హెచ్చుచున్నది. మీ మనుమడు ఈ పనిలో నున్నచో, ‘నాయనా, యంత్రము చెప్పినదానిని నీవు చదివి సంతకము పెట్టుచున్నావా, చదువకయే పెట్టుచున్నావా?’ అని ఒక్కమాట అడుగుడు. మంచి ప్రశ్న వేసితిరని అతడే అనును.

తుదకు మరల ఆ పోస్టుమాస్టర్ల సంగతి. వారికి జరిగిన అన్యాయమునకు ప్రోగ్రాములోని తప్పు సగము కారణము మాత్రమే. అందలి దోషములు కొన్ని నిర్వహించువారికి తెలిసియే యుండెను. తెలిసిన దోషముల జాబితాలు వారియొద్ద నుండెను. అయినను, కంప్యూటరు సరిగానే యున్నది, మీరే పైకము కాజేసితిరి అని ఆ పోస్టుమాస్టర్లతో పలికిరి. ఆ దేశపు న్యాయస్థానములును, విరుద్ధముగా సాక్ష్యము లేనంతవరకు కంప్యూటరు సరిగా పనిచేయుచున్నదనియే భావించుచుండెను. యంత్రము తప్పని నిరూపింపవలసిన భారము, యంత్రము లోపల ఏమున్నదో చూచుటకైన వీలులేని పల్లెటూరివారిపై పడెను. తప్పును కనుగొనుట వేరు. కనుగొన్న తప్పును ఒప్పుకొనుట వేరు. జ్యూరిక్ పండితుల యంత్రము మొదటి పనికి తోడ్పడును. రెండవ పనికి ఏ యంత్రమును లేదు. అది మనుష్యుని ధర్మము.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మీ భూమి పట్టా, మీ రేషను, మీ పింఛను, మీ బ్యాంకు ఖాతా అన్నియు నేడు కంప్యూటరులోనే యున్నవి. ఇందువలన మేలు చాల కలదు. తిరుగుడు తగ్గినది, కాలము కలిసివచ్చినది. కాని అందు కనబడు ప్రతి అంకెకు వెనుక ఎవరో ఒకరు వ్రాసిన ప్రోగ్రాము కలదనియు, దానిలో తప్పుండుటకు అవకాశము కలదనియు మఱవకుడు. లెక్క తప్పినట్లు తోచినచో, ‘కంప్యూటరు అట్లు చూపుచున్నది’ అను మాట ఉత్తరము కాజాలదు. ఎట్లు వచ్చినదో చెప్పుమని మర్యాదగా అడుగుడు, వ్రాతమూలముగా అడుగుడు. రసీదులను, పాత పాసుపుస్తకములను పారవేయక భద్రపరుపుడు. ఊరిలో ఎవరిపైనైన కంప్యూటరు లెక్కను బట్టి నింద పడినచో, వెంటనే తీర్పు చెప్పక, ఆ లెక్కనుగూడ ఒక సాక్షిగా నిలిపి ప్రశ్నింపుడు. మనుష్యసాక్షిని ప్రశ్నింపక నమ్మరుగదా. యంత్రసాక్షికి వేరు న్యాయమేల?

తప్పులు దిద్దు యంత్రము రావలసినదే, వచ్చినందుకు సంతోషింపవలసినదే. చత్వారము వచ్చిన కంటికి అద్దములు ఎట్టివో, ప్రోగ్రాములు వ్రాయువానికి ఇది అట్టిది. అద్దములు అక్షరములను స్పష్టముగా చూపును. చదివి, నిజమేదో నిర్ణయించి, తప్పు తనదైనచో తనదని చెప్పవలసినవాడు అద్దముల వెనుకనున్న మనుష్యుడే.